కచ్చాకుట్టు

నా కొలతల పుస్తకానికి నడిమధ్య ఒక మట్టిగీత ఉంది.
తుంగభద్ర ఊళ్లోకొచ్చిన ఏడు
కొండారెడ్డి బురుజు పక్క నా అంగడి మునిగి
మూడోనాటికి తేలిన గుర్తది.
ఆ గీతకు ముందు పుటల్లోనూ వెనక పుటల్లోనూ
ఒకే పేరు:
ఉరుకుందు, పీసీ పదకొండు ఎనబైమూడు.

మొదటి కొలత నడుము ఇరవైతొమ్మిది.
పక్కన నా రాత: "ఊపిరి బిగబట్టినాడు, ఇంచి వదలాల."
కొత్త బూట్లు టకటకలాడించుకుంటా వచ్చి
"అన్నా, చేతిమీద జాగా వదులు,
పట్టీలు పడతాయి గదా" అన్నాడు.
వదిలినా.
ముప్పైరెండేండ్లు వదులుతానే ఉండా.

పోలీసు మెట్ల సంగతి సూదికి తెలిసినట్టు
కలానికి తెలీదు.
పైనోళ్ల నక్షత్రాలు ఇత్తడివి,
తగిలిస్తారు, తీస్తారు, నాతో పనిలేదు.
కిందోళ్ల పట్టీలు గుడ్డవి.
ఇత్తడికి పాలిష్ పెడితే కొత్తదే,
గుడ్డ ఎండకు వెలిసి ఊరుకుంటుంది.
నిచ్చెన వేసినోడెవడో గాని
మొదటి మెట్టు మనిషెత్తున కొట్టినాడు.

దేవరగట్టు కర్రల రాత్రి
ఎడమభుజం కాడ చొక్కా చినిగింది.
రక్తం ఉతికి తెచ్చింది హనుమక్క.
"బత్తెం బిల్లు రానీ, కూలి ఇస్తా" అనింది.
ఆ బిల్లు ఏ ఆఫీసులో ఏ బల్లకింద
కునుకు తీస్తాందో,
ఆయమ్మ మాత్రం వారానికి పదీ పదీ ఇచ్చి తీర్చేసింది.

ఒక ఏడు యూనిఫాం కుట్టించుకోలా.
దొరగారింట్లో ఆర్డర్లీ అంట.
"కుక్కకు నీళ్లు పోసేదానికి ఖాకీ ఏంటికన్నా?"

వారానికొక సెలవని ఆర్డరొచ్చిన దినం
పరుగున వచ్చి
నీలిగీతల సివిల్ చొక్కాకు కొలతిచ్చినాడు.
మరుసటి వారం మంత్రిగారి పర్యటన.
ఆపైన శ్రీశైలం, శివరాత్రి.
ఆపైన పరీక్షా కేంద్రాలు, ఆపైన ఎలక్షన్లు.
చొక్కా ఎనిమిది నెలలు నా కొక్కేనికే డ్యూటీ చేసింది.
కడకు వాళ్ల పిల్లోడికి సరిపోయింది.

జీతమెంతని నేనెప్పుడూ అడగలా.
పాత చొక్కా గుండీలు కోసి
కొత్తదానికి కుట్టమన్నప్పుడు
అడగాల్సిన పని తప్పింది.

పోయిన వానాకాలం కమిటీ వచ్చింది.
మెట్లు మారుస్తారంట, జీతాలు చూస్తారంట,
కష్టాలు చెప్పుకోమన్నారంట.
తెల్లారుజామున నా ఇస్త్రీపెట్టె కాడికొచ్చి
మడత మీద మడత పెట్టించుకోని పోయినాడు.
సాయంత్రం అడిగితి, ఏం చెప్పినావప్పా అని.
"వాళ్లు కుర్చీల్లో కూర్చోండిరి,
మేము అటెన్షన్‌లో నిలబడితిమి.
అటెన్షన్‌లో నోరు కదపకూడదు గదన్నా."
నవ్వినాడు. నాకు నవ్వు రాలా.

ట్రైనింగు పాసైననాడే మూడు పట్టీలు కత్తిరించి
బిస్కెట్ డబ్బాలో దాచినా.
సీనియారిటీ జాబితా కోర్టులో పండుకునింది.
డబ్బాలో కలరా ఉండలు నాలుగుసార్లు కరిగిపాయె,
నాలుగుసార్లు కొత్తవి వేసినా.

మొన్న వచ్చినాడు.
నడుము ముప్పైతొమ్మిది, మోకాళ్లకు ఆయింట్‌మెంట్ వాసన.
కాగితం చూపించినాడు, హెడ్ కానిస్టేబులు.
రిటైర్మెంటు ఏడు నెలలు.

"మిషను వద్దన్నా, కచ్చాకుట్టు వేయి.
ఏడు నెలలకు ఏం పక్కా?
విప్పేటప్పుడు గుడ్డ చినగకుంటే చాలు."

సూదిలో దారం ఎక్కిస్తాంటే
చెయ్యి చాపి కూర్చున్నాడు,
చొక్కా విప్పకుండానే.
ఒక్కో పోటుకూ ఆ చేతిలో నరం అదరడం
నా వేలికి తెలుస్తాంది.

చాలాసేపటికి అడిగినాడు.
"పట్టీ కింద గుడ్డకు ఎండ తగలదు గదా,
తీసేసినాక ఆడ గుర్తు పడతాదంటారే,
దానికి ఎన్నాళ్లు కావాలన్నా?"

కర్నూలు ఎండను తలుచుకోని
వేళ్లమీద నెలలు లెక్కబెడతా ఉండా.